చిటికెడు ఊక

ఖాళీగా ఉండవలసిన బరిణెలో ఎవరో దగ్గారు.

సువర్చల హెడ్‌ఫోన్ సర్దుకుని మళ్ళీ విన్నది. ముసలి గొంతు. రెండు పొడి దగ్గులు, గొంతు సవరింపు, గట్టు మీద స్టీలు గ్లాసు పెట్టిన చప్పుడు. ఆ తర్వాత అంతా శూన్యం. శూన్య పరీక్షలో ఎప్పుడూ వినిపించే, చెవుల్లో దూది కుక్కినట్టుండే నిశ్శబ్దం.

ఆమె చెయ్యి అప్పటికే ముద్ర మీట వైపు సగం దూరం వెళ్ళింది. ఏళ్ళ తరబడి అదే పని చేసిన చెయ్యి. బరిణెను పరీక్ష గూట్లో పెట్టడం, ముల్లు కదలలేదని చూడడం, మీట నొక్కడం, తీసి పక్కన పెట్టడం. ఆ పనికి మనసుతో అవసరం లేదు. ఈరోజు ముల్లు కదిలింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

బల్ల మీద ఎర్ర దీపం వెలిగింది. అంటే ప్రాంతీయ కార్యాలయంలోనూ ఈపాటికి వెలిగే ఉంటుంది. దాన్ని ఆర్పే అధికారం ఆమెకు లేదు. షిఫ్టు దిగేలోపు తనిఖీ అధికారి వస్తుంది. అప్పటికి కారణం అనే గడిలో సువర్చల ఒక మాట రాసి ఉంచాలి. రాయకపోతే యంత్రమే రాసుకుంటుంది: శుద్ధి లోపం.

ఆ మాటకు అర్థం కర్మాగారంలో అందరికీ తెలుసు. బయట ఆవరణలో, నీలం టార్పాలిన్ కప్పుకుని, స్వయంశుద్ధి యంత్రాలు పోయిన వానల నుంచీ కాచుకుని ఉన్నాయి. వాటిని లోపలికి తెచ్చి బిగించడానికి పైవాళ్ళకు కావలసింది ఒక్క లోపం. అది దొరికిన రోజున శుద్ధి విభాగం మేస్త్రీ పెంచలయ్యా, అతని కింద పనిచేసే ఆడామగా అందరూ ఇంటిదారి పడతారు.

సువర్చల అదే ట్రేలోంచి మరో బరిణె తీసింది. నియమం ప్రకారం ఎర్ర దీపం వెలిగాక ఇంకేదీ ముట్టుకోకూడదు. ముట్టుకుంది. అందులో ఒక పసిబిడ్డ వెక్కిళ్ళు. ఇంకొక దాంట్లో సిమెంటు నేల మీద అరిగిన చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో నడిచిన చప్పుడు. మరో దాంట్లో నీళ్ళు ఒంటిమీద కుమ్మరించుకుంటూ ఒక మగమనిషి తీసిన కూనిరాగం. దేంట్లోనూ మాటలు లేవు. పేర్లు లేవు, అంకెలు లేవు, ముఖాలు లేవు.

అంతా ఊకే.

కంప్యూటర్లు చేసేవాళ్ళు అందరూ ఒక్క మాట మీదికి వచ్చిన ఏడాది సువర్చలకు బాగా గుర్తు. అంతకుముందు యంత్రాల్లో సొంత నిల్వ ఉండేది కాదు. అందరి సొత్తూ ఎక్కడో దూరాన, ఆకాశకోశంలోనే. ఒక ఉదయం ఆ కోశం కోస్తా జిల్లాలను మరిచిపోయింది. పెళ్ళి ఫోటోలు, పొలం పటాలు, చనిపోయినవాళ్ళ గొంతులు, పిల్లల మార్కులు అన్నీ పోయాయి. జనం పేట వీధుల్లో నిలబడి, మేం ఫలానావాళ్ళమని ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చింది విడినిల్వ ఒప్పందం. ఏ సంస్థ చేసినా సరే, ప్రతి కంప్యూటరుకూ పక్కన ఒక గూడు ఉండాలి. అందులో చేత్తో ఊడదీసుకునే బరిణె ఉండాలి. అది కొనేవాడు విడిగా అడిగేది కాదు, యంత్రంతో పాటే రావలసిన అవయవం. ఒకరి బరిణె ఇంకొకరి గూట్లో పట్టాలి. బరిణె లేని యంత్రం గేటు దాటకూడదు.

మీ నిల్వ మీ కొంగుముడిలో అని ఊరూరా గోడల మీద రాయించారు. జనం నిజంగానే కొంగున కట్టుకున్నారు. నల్లపూసలకు తగిలించుకున్నారు. మొలతాడుకు కట్టుకుని స్నానం చేసి పాడుచేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. బరిణెలు చేసే లోహం భూమిలో అడుగంటింది. పాతది ఇస్తేనే కొత్త కంప్యూటరు అన్నారు. ఇచ్చే ముందు బరిణెను తూర్పార పడతారు. గింజ అంతా ఆకాశకోశంలోకి వెళ్తుంది, కొత్త యంత్రం ఇంటికి చేరాక తిరిగి దిగుతుంది. గింజ అంటే మాటలు, అంకెలు, ముఖాలు. ఇంట్లో బరిణె పట్టుకున్న మిగిలిన చప్పుళ్ళను కోశం పైకి తీసుకోదు. చోటు దండగ. ఆ ఊక బరిణెలోనే ఉండిపోయి ఈ కర్మాగారానికి వస్తుంది. పెంచలయ్య మనుషులు దాన్ని తుడిచేస్తారు. సువర్చల శూన్యమని ముద్ర వేస్తుంది. బరిణె ఇంకో యంత్రం గూట్లో కూర్చుని మళ్ళీ కొత్తదైపోతుంది.

సువర్చల కూడా ఉగాది ముందు తన పాత కంప్యూటరు ఇచ్చి కొత్తది తెచ్చుకుంది. పెట్టె ఇంకా విప్పకుండా మంచం కిందే ఉంది, క్యాంటీన్లో అందరికీ తెలిసిన సంగతే. రోజంతా బరిణెలు చూసి వచ్చిన మనిషికి ఇంట్లో ఇంకో బరిణె మొహం చూడబుద్ధి కాలేదు. తొందరపడి వినవలసిందీ ఏమీ లేదు. పోయిన ఏడాది చనిపోయిన వాళ్ళమ్మ చేపల పులుసు ఎలా పెట్టాలో చెప్పిన మాటలు కోశంలో భద్రంగానే ఉన్నాయి. ఆఫీసు తెర మీద ఒకసారి విన్నది. తూర్పార పట్టిన మాటలు. ఎవరో వార్తలు చదివినట్టు ఉన్నాయి. రెండోసారి వినలేదు.

ఆమె హెడ్‌ఫోన్ తీసి పెంచలయ్యను పిలిపించింది.

పెంచలయ్య తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. శుద్ధిలో నీళ్ళ పని లేదు, అయినా అతని చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఎర్ర దీపం చూసి నిలబడిపోయాడు. ఆమె వినిపించింది. దగ్గు, వెక్కిళ్ళు, చెప్పులు. అతను అన్నీ విని, తను తుడిచిన బరిణెలో ఈగ కాలు కూడా మిగలదనీ, కావాలంటే ఇంకో ట్రే ఆమె కళ్ళముందే తుడిచి చూపిస్తాననీ అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆ మాట అనాలి కాబట్టి అన్నాడు.

సువర్చలకు అతని మీద అనుమానం రాలేదు. తుడుపులో మిగిలిపోయిన చప్పుడు చిరుగు గుడ్డలా ఉంటుంది, మొదలూ తుదీ తెలియదు. ఇవి అలా లేవు. ప్రతి ముక్కా కత్తిరించి అంచు కుట్టినట్టుంది. ఎవరో కూర్చుని, విని, ఏది కావాలో ఎంచి, తుడుపు అయ్యాక మళ్ళీ లోపల పెట్టారు. ఇది మనిషి పని. కానీ ఏ మనిషో చెప్పలేకపోతే గడిలో అలా రాయడానికి వీల్లేదు. పేరు లేని నేరం యంత్రం లెక్కలో శుద్ధి లోపమే.

అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెంచలయ్య నేల చూశాడు.

"మావోళ్ళకి ఇప్పుడే చెప్పమంటావామ్మా, అన్నాలు తిన్నాక చెప్పమంటావా?"

"తిన్నాక చెప్పు పెంచలన్నా. నేనింకా రాయలా."

అతను వెళ్ళాక ఆమె ట్రే వైపు చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎందుకు దొరకలేదు? ప్రతి ట్రేలోంచీ కొన్ని బరిణెలే పరీక్షకు తీస్తారు. ఆమె ఎప్పుడూ తన చేతికి దగ్గరి వరస నుంచే తీస్తుంది. ఈరోజు కుడిభుజం పట్టేసి, ఎడమచేత్తో పని చేసుకోవచ్చని బల్లకు అవతలి వైపు కూర్చుంది. ఆవలి వరస ఈవలికి వచ్చింది. అంటే చేసినవాడికి ఆమె కూర్చునే తీరు తెలుసు. ఆమె ముట్టుకునే వరసను మాత్రం ఖాళీగా వదిలి, మిగతావి నింపాడు.

తుడిచిన ట్రేలు శుద్ధి నుంచి వచ్చి, పరీక్షకు ముందు చల్లగదిలో కాసేపు ఉంటాయి. ఆ గదిలోకి పెంచలయ్య మనుషులు పోతారు, సూపర్‌వైజరు మునిశేఖర్ పోతాడు, తను పోతుంది. లాభం లేదు. అక్కడికి ఆలోచన ఆగిపోయింది. భుజం నొప్పి మెడదాకా పాకింది.

క్యాంటీన్లో ఆ రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎర్ర దీపం సంగతి అన్నం కంటే ముందే అందరి పళ్ళేల దగ్గరికీ చేరింది. పెంచలయ్య మనుషులు ఒక్క బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చుని, ఎదటివాళ్ళ డబ్బాల్లో చేతులు పెట్టుకుని తింటున్నారు. వాళ్ళకు తెలిసిపోయింది. చెప్పలేదన్న మర్యాద మాత్రం మిగిలింది.

మునిశేఖర్ వచ్చి సువర్చల ఎదురుగా కూర్చున్నాడు. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక ఎత్తిపొడుపు నోట్లో సిద్ధంగా పెట్టుకుని ఉండే మనిషి. జతల బల్ల అతనిది. ఏ ఇంటి పాత బరిణె వచ్చిందో, ఏ ఇంటికి కొత్త యంత్రం పోవాలో చూసి కలిపేది అతనే. ఆమె కంటే చిన్నవాడు, హోదాలో పెద్దవాడు. అక్కా అనే పిలుస్తాడు.

"ఏందక్కా, పొద్దున బల్లకి వాస్తు మార్చినావంట?"

"భుజం పట్టింది."

"అట్టనా," అని అన్నం కలుపుకున్నాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మొన్న అతని భార్య ఉలవచారు పంపిన డబ్బా సువర్చల సంచీలో ఉంది. కడిగింది గానీ, ఏదైనా వండి పెట్టి ఇద్దామనుకుని రెండు రోజులుగా ఆపింది. ఇవాళ ఓపిక లేదు. తీసి అతని ముందు పెట్టి, ఏమీ అనుకోవద్దు, ఖాళీదే ఇస్తున్నాను అంది.

మునిశేఖర్ డబ్బా తీసుకోలేదు. మూత తీసి లోపలికి చూశాడు. బల్ల మీది గిన్నెలోంచి చిటికెడు చక్కెర తీసి అందులో వేశాడు. మూత గట్టిగా నొక్కి, అప్పుడు సంచీలో పెట్టుకున్నాడు. చాలా మామూలుగా చేశాడు. వాళ్ళ వైపు ఎవరి ఇంట్లోనైనా అంతే. ఇరుగింటి గిన్నె ఖాళీగా వెనక్కి పోకూడదు. కాస్త బియ్యమో, బెల్లం ముక్కో, ఏదీ లేకపోతే ఉప్పు రాయో. సువర్చలకు కూడా చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది. నేరుగా పంపకాల షెడ్డుకు వెళ్ళింది. అక్కడ యంత్రాలు పెట్టెల్లో ఉండి, పక్కన ఖాళీ గూళ్ళతో, ఈ పూట బరిణెల కోసం చూస్తున్నాయి. ప్రతి బరిణె వెనకా అది ఏ యంత్రంలో కూర్చోవాలో ఒక గుర్తు ఉంటుంది. దగ్గు ఉన్న బరిణె గుర్తు చూసి, దాని పెట్టె వెతికింది. గూడూరులో రైలుకట్ట వీధి, ఒక ఇంటి చిరునామా. ఆ బరిణె మొదట ఎక్కడి నుంచి వచ్చిందో తెర మీద అడిగింది. గూడూరు, రైలుకట్ట వీధి. అదే ఇల్లు.

వెక్కిళ్ళ బరిణె కోట అనే ఊళ్ళో ఒక ఇంటిది. తిరిగి పోతున్నదీ ఆ ఇంటికే. చెప్పుల చప్పుడు కూడా అంతే, కూనిరాగం కూడా అంతే. బరిణెలు ఎవరివి ఎవరికి పోయినా తేడా లేదని, చేతికి దొరికింది దొరికినట్టు కలిపేయమని జతల బల్లకు ఆదేశం. ఇక్కడ ఎవరో పనిగట్టుకుని, ఏ ఇంటి గిన్నె ఆ ఇంటికే పంపుతున్నారు. ఖాళీగా పంపడం లేదు.

ఆమె పెట్టెల మధ్య ఒక స్టూలు చూసుకుని కూర్చుంది. దొరికాడన్న ఉత్సాహం రాలేదు. ఇక కారణం గడిలో ఒక పేరు రాయాలి. రాస్తే పెంచలయ్య వాళ్ళు నిలబడతారు. పేరున్న మనిషి నేరం ఆ మనిషితోనే పోతుంది. రాయకపోతే ఆ క్యాంటీన్ బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్నవాళ్ళంతా పోతారు.

మునిశేఖర్ చల్లగదిలో ఉన్నాడు. ఆమె ఏమీ అడగకుండానే, షెడ్డులోంచి వస్తున్నావా అక్కా అన్నాడు. అవునంది. అతను ట్రే మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఇంతకాలం దాచినవాడి మొహం కాదది. పని అలసట ఉంది, అంతే.

ఆమె పెంచలయ్య సంగతి చెప్పింది. అన్నాలు తిన్నాక చెప్పమంటావా అని అడిగిన మాట కూడా చెప్పింది.

"నేను నీ పేరు రాయగలను శేఖరా. రాసినాక నువ్వు కాదన్నావంటే, ఈ గదిలోకి పొయ్యేదానికి మనందరికీ దారుంది, ఎవుర్నీ పట్టుకోలేరు. అప్పుడు అది మళ్ళా వాళ్ళ మీదికే పోతాది. నా రాత కంటే నీ నోరు ముఖ్యం."

జవాబు కోసం ఆమె ఆగలేదు. గడి ఖాళీగానే వదిలి బల్ల దగ్గర కూర్చుంది.

తనిఖీ అధికారి లహరి ఎండ తగ్గకముందే వచ్చింది. చిన్న వయసు, మంచి ఉద్యోగం, దారి పొడవునా కారులో నిద్రపోయిన కళ్ళు. ఇది ఈ నెలలో ఆమె తిరిగిన ఎన్నో కర్మాగారమో ఆమెకే గుర్తు లేనట్టుంది. మర్యాదగా నమస్కారం చేసి, బరిణెలు విన్నది. దగ్గు దగ్గర ఒకసారి కళ్ళు మూసుకుంది. తర్వాత తెర చూస్తూ, ఒక సంగతి తనకు అర్థం కావడం లేదని సువర్చలతో అన్నది. మిగతా కర్మాగారాల నుంచి ఫిర్యాదులు కుప్పలుగా వస్తాయి. గూడు బిగుతుగా ఉందనీ, గింజ సరిగా దిగలేదనీ, ఏదో ఒకటి. ఇక్కడి నుంచి పోయిన యంత్రాల మీద మాత్రం చాలాకాలంగా ఏమీ రావడం లేదు. అందుకే ఇటువైపు ఎవరూ చూడలేదు.

"కారణం గడి ఖాళీగా ఉంచారేంటండీ? శుద్ధి లోపమని వేసేయమంటారా?"

గుమ్మం దగ్గర పెంచలయ్య నిలబడి ఉన్నాడు. అతని వెనక అతని మనుషులు. సువర్చల కలం చేతిలోకి తీసుకుంది. పేరు మొదటి అక్షరం పెట్టబోతుండగా మునిశేఖర్ వాళ్ళను తప్పించుకుంటూ లోపలికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. లహరి ఒక బరిణెను పరీక్ష గూట్లో పెట్టి, మీరు చెప్పేది ఇందులో నమోదవుతుంది, పై కార్యాలయానికి పోతుంది, ఆలోచించి చెప్పండి అన్నది.

"ఆలోచించేదేం లేదు మేడమ్. శుద్ధిలో తప్పు లేదు. వాళ్ళు తుడిచింది తుడిచినట్టే ఉన్నింది. మళ్ళా పెట్టింది నేను. నా పేరు మునిశేఖర్, జతల బల్ల సూపర్‌వైజర్ని. తుడిచేదానికి ముందు విని, ఇంత ముక్క తీసి పెట్టుకునేది, చల్లగదిలో మళ్ళా లోపల పెట్టేది. అక్క ఏ వరస ముట్టుకుంటాదో నాకు తెలుసు, అది మాత్రం వదిలేసేది. పక్కోళ్ళ ఇళ్ళలో చప్పుళ్ళు చెవి పెట్టి విన్నాను. అది నేరమని మీరు చెప్పే పన్లేదు. వినేటప్పుడే తెలుసు.

"మా అన్నకి ముందరి పళ్ళ మధ్య సందుండేది. మాట్లాడితే మాట మాటకీ సన్నగా ఈల వచ్చేది. వాడు పొయ్యినాక మా ఇంటి బరిణె కూడా ఇచ్చి కొత్త కంప్యూటరు తెచ్చుకున్నా. నా బల్ల మీదే నా చేత్తో ట్రేలో వేసినా, చూసుకోలా. కోశం నుంచి వాడి మాటలన్నీ దిగినాయి. రేపొస్తా, తాళం కిటికీలో పెట్టు అంటాడు. ఒక్కటీ పోలా. ఈల లేదు. కోశం దాన్ని లోపమనుకుని తీసేసింది. మా అమ్మకి వినిపిస్తే, ఎవురు నాయనా ఈయన అనింది.

"అప్పట్నుంచి పెడతా ఉండాను. ఎన్నింట్లో పెట్టినానో చెప్పను, నాక్కూడా తెలీదు. తప్పే. ఉద్యోగం తీసేయండి, కేసు పెట్టండి. పెట్టినవన్నీ వెనక్కి తెప్పిస్తామంటారా, తెప్పించండి. ఒక్కో ఇంటికీ పొయ్యి, పొరపాటున మీ బరిణెలోకి ఇంత ఊక వచ్చింది, ఇచ్చేయండమ్మా అని అడగండి. ఫిర్యాదులు ఎందుకు రాలేదంటిరి గదా. వాళ్ళందరికీ దొరికింది మేడమ్. దొరికినాక గమ్మునుండారు. ఇన్ని జిల్లాల్లో ఒక్క ఇల్లు కూడా నోరు తెరవలా. నా ఒక్కడి నేరమని రాసుకోండి గానీ, అది మాత్రం నా ఒక్కడి పని కాదు.

"ఈ అక్క కూడా ఇంకా ఏం రాయలా. ఆమె పెట్టె ఉగాది నుంచి మంచం కిందనే ఉండాది, విప్పలా. ముందు ఆమెని ఇంటికి పొయ్యి విప్పమనండి. ఆ పైన ఆమె రాసింది చదువుకోండి. వాళ్ళమ్మ చేపల పులుసు చెప్తా చెప్తా మధ్యలో చిన్న రోట్లో వక్క దంచుకునేది. కోశం మాటలు తీసుకుని దాన్ని వదిలేసింది. నేను వదల్లా.

"అది పెట్టింది కూడా నేనే."